సిబోలా బర్న్ సగంలో ఆగిపోయాను. పూర్తిచేయాలా, వదిలేయాలా?

తోకచుక్క
ది ఎక్స్‌పాన్స్ సిరీస్‌లో మొదటి మూడు పుస్తకాలూ ఆవురావురుమంటూ చదివాను. లెవయథన్ వేక్స్ అయితే నిద్ర మానుకుని మరీ పూర్తిచేశా. అబాడన్స్ గేట్ చివర్లో దారులన్నీ తెరుచుకుని, అవతల 1300 పైచిలుకు కొత్త లోకాలు ఉన్నాయని తెలిసేసరికి ఒళ్లు జలదరించింది. నాలుగో పుస్తకం, అంటే ఈ సిబోలా బర్న్‌లో, వాటిలో కనీసం పదైనా తిప్పి చూపిస్తారని ఆశపడ్డాను.

తీరా చూస్తే ఒక్కటే గ్రహం. దుమ్ము, నాలుగు ఇళ్లు, ఒక లిథియం గని, నేల నాదంటే నాదని కొట్లాట. అంతరిక్ష గాథ చదువుదామని కూర్చుంటే ఊరి పంచాయితీకి వచ్చినట్టుంది. రోసినాంటే ఓడ కెప్టెన్ హోల్డెన్ అందరికీ నచ్చజెబుతూ తిరుగుతాడు, ఒక్కడూ వినడు. కంపెనీ సెక్యూరిటీ అధికారి మర్ట్రీ వచ్చిన ప్రతిసారీ ఏం చేస్తాడో ముందే తెలిసిపోతుంది. భూమి రాజకీయాలు నడిపే అవసరాల ఏది? మార్స్ మాజీ సైనికురాలు బాబీ ఏది? మొదట్లో ఒక్కసారి కనబడి మాయమైంది.

దీన్ని దాటేసి ఐదోదానికి వెళ్తే ఏమైనా నష్టమా?

రాత్రిచదువరి
దాటేయకండి. ఐదోది, నెమెసిస్ గేమ్స్, నా దృష్టిలో తొమ్మిదింటిలోకీ గొప్పది. కానీ దానికి కావాల్సిన మందుగుండంతా ఇక్కడే కూరిపెట్టారు.

గురుత్వం
నేను దాటేశాను. కథాసారం ఎక్కడో చదివేసి ఐదోది మొదలుపెట్టా. హాయిగా అర్థమైంది.

రాత్రిచదువరి
@గురుత్వం అర్థమవడం వేరు, మనసుకు తగలడం వేరు. ఇక్కడ పరిచయమైన ఎల్వీ ఎనిమిదో పుస్తకంలో మళ్లీ వచ్చినప్పుడు మీకేమనిపించింది?

గురుత్వం
ఎవరో శాస్త్రవేత్త అనిపించింది.

రాత్రిచదువరి
నేను చెప్పేది అదే.

బెల్టర్_బాబాయ్
తోకచుక్క గారూ, మీరు పంచాయితీ అని తీసిపారేసిందే ఈ పుస్తకానికి ప్రాణం. ఎవరు ముందొచ్చారో ఒకసారి వరసగా చూడండి. రెండో పుస్తకంలో గురుడి చందమామ గానిమీడ్ నాశనమైంది కదా, అక్కడి జనమే వీళ్లు. ఓడెక్కి తిరిగితే ఏ రేవూ దిగనివ్వలేదు. దారి తెరుచుకోగానే ఎవర్నీ అడక్కుండా దూసుకెళ్లి ఈ గ్రహం మీద దిగి, ఇలస్ అని పేరు పెట్టుకున్నారు. ఇళ్లు కట్టుకున్నారు, లిథియం తవ్వడం మొదలుపెట్టారు. వాళ్లు కుదురుకున్నాక ఐక్యరాజ్యసమితి ఆ గ్రహం మీద హక్కులు ఆర్‌సీఈ అనే కంపెనీకి రాసిచ్చింది. కంపెనీ వాళ్లకి అది న్యూ టెర్రా. ఒకరి చేతిలో చెమట, ఇంకొకరి చేతిలో పట్టా.

ఇంతవరకే అయితే మామూలు కథే అయ్యేది, బెల్టర్ల (గ్రహశకలాల పట్టీలో, బయటి చందమామల మీద బతికే ఇలాంటి జనం) వైపు నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లం. కానీ మొదటి అధ్యాయంలోనే ఏం జరిగింది? కంపెనీ షటిల్ దిగే వేదికకి వలస జనంలో ఒకడైన బేసియా, అతని తోటివాళ్లు బాంబు పెట్టారు. షటిల్ దిగుతుండగానే అది పేలింది. గవర్నరుతో సహా జనం పోయారు. అంటే మనం ఎవరి పక్షాన నిలబడాలనుకున్నామో వాళ్ల చేతులకి మొదటి పేజీల్లోనే నెత్తురంటింది. వెంటనే రెండో అధ్యాయంలో మనల్ని అదే షటిల్లో ఎల్వీ పక్కన కూర్చోబెట్టారు. ఎవర్నీ చంపాలనుకోని మనిషి చేసిన పనికి, ఎవరి నేలనీ లాక్కోవాలనుకోని మనిషి దెబ్బతింది. ఆ రెండు అధ్యాయాలూ పక్కపక్కనే పెట్టడంలోనే ఉంది అసలు పనితనం.

తెరముందు
సిరీస్‌గా తీసినవాళ్లకి కూడా తోకచుక్క గారి లాంటి అనుమానమే వచ్చినట్టుంది. 2019 డిసెంబరులో వచ్చిన నాలుగో సీజన్ ఈ పుస్తకమే. కానీ అవసరాల ఎన్నికల పోరు, మార్స్ మీద బాబీ దొంగసరుకు వ్యవహారం పక్కన నడిపించారు. ఈ రెండు కథలూ పుస్తకంలో లేవు. ఇలస్ ఒక్కదాని మీదే పది ఎపిసోడ్లు నడవవనే కదా దానర్థం?

మూడోపేజీ
@తెరముందు దానర్థం అది కాదు. జనానికి ఇష్టమైన పాత్రల్ని ఏడాది పాటు తెర మీద లేకుండా ఉంచలేరు, అంతే. పుస్తకానికి ఆ ఇబ్బంది లేదు.

అయినా అవసరాల అన్న ఇంటిపేరు మొదటిసారి చదివినప్పుడు ఎంత సంబరపడ్డానో! భూమినంతా ఏలే మనిషి మనవాళ్ల ఇంటిపేరుతో కనబడితే ఎవరికి ఆనందంగా ఉండదు?

రాత్రిచదువరి
ఆ సంబరం నాకూ ఉంది. ఆవిడ నోటి దురుసు చూశాక ఇంకా పెరిగింది.

అరుంధతీనక్షత్రం
నాకు ఈ పుస్తకంతో ఉన్న పేచీ ఎల్వీ దగ్గర. ఆమె జీవశాస్త్రవేత్త. మనుషులెవరూ చూడని జీవజాలం కళ్లముందుంది. భూమ్మీద జీవానికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. అలాంటి చోట నిలబడ్డ మనిషి తలలో ఏముంటుందో చూడాలని పేజీలు తిప్పాను. మట్టి నమూనాలు తీసేటప్పుడు, అక్కడి పురుగుల్ని చూసేటప్పుడు ఆమె ఆలోచనలు చదువుతుంటే నిజంగా పండగలా ఉంది. అంతలోనే హోల్డెన్ వస్తాడు, ఆమెకి మాట తడబడుతుంది. మళ్లీ వస్తాడు, మళ్లీ తడబడుతుంది. అంత చదువుకున్న మనిషిని అధ్యాయాల తరబడి అలా నిలబెట్టడం నాకు నచ్చలేదు. చివరికి ఆ వ్యవహారాన్ని తేల్చిన తీరు మరీ తేలిగ్గా అయిపోయింది.

ఇంతా చెప్పి, పుస్తకం చదవొద్దని మాత్రం అనను. ఎల్వీ కోసమే చదవండి. సిరీస్ చివరి రెండు పుస్తకాల్లో ఆమె ఎదిగిన తీరు చూస్తే, ఆ విత్తనం ఎక్కడ పడిందో తెలిసి ఉండటం మంచిది.

మిల్లర్_టోపీ
ఇంతమంది మాట్లాడారు, మొదటి పుస్తకంలో పోయిన డిటెక్టివ్ మిల్లర్ పేరెత్తిన వాళ్లు లేరు! అతని రూపంలో కనబడే గ్రహాంతర యంత్రం వైపు నుంచి మధ్యమధ్యలో వచ్చే ఇన్వెస్టిగేటర్ అధ్యాయాలు ఈ సిరీస్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టం. సెకనుకి 113 సార్లు చేయి చాస్తూ, జవాబు రాక మళ్లీ చాస్తూ ఉండే ఒక యంత్రం. దానికి మనసు లేదు, విసుగు లేదు. అందులో ఇరుక్కున్న మనుషుల తునకలకి మాత్రం నొప్పి ఉంది. వాక్యాలు తెగిపోతూ ఉంటాయి. మొదటిసారి చదివినప్పుడు గుండెలో ఏదో కలుక్కుమంది.

గురుత్వం
ఆ అధ్యాయాలు నాకు తలనొప్పి తెప్పించి ఉండేవి. చదవకపోవడమే మంచిదైంది.

మిల్లర్_టోపీ
చదవకుండానే తలనొప్పి ఎలా వచ్చింది బ్రో!

గురుత్వం
మీ వర్ణన చదివాక వచ్చింది 😄

సరే, నిజంగా ఒక డౌటు. కథాసారంలో చదివాను, ఇలస్ చుట్టూ ఓడల రియాక్టర్లు ఆగిపోతే అవి కిందపడే ప్రమాదం వస్తుందట. కక్ష్యలో తిరగడానికి ఇంజను అక్కర్లేదు కదా? చంద్రుడికి ఏ రియాక్టర్ ఉందని?

లెక్కలమాస్టారు
మంచి ప్రశ్న. (తోకచుక్క గారు సగంలో ఉన్నారు కాబట్టి ఇక్కడ్నుంచి స్పాయిలర్లు ఉంటాయి, చూసుకోండి.)

ఎత్తైన కక్ష్యలో అయితే మీరన్నట్టే ఏ బాధా లేదు. కింది కక్ష్యలో పలచగానైనా గాలి ఉంటుంది. అది ఓడని కొంచెం కొంచెంగా నిలవేస్తుంది. మన అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్నా ఏటా ఎత్తు కోల్పోతూనే ఉంటుంది, ఇంజన్లు మండించి మళ్లీ పైకి తోస్తుంటారు. ఎక్స్‌పాన్స్ ఓడల్లో పుష్కలంగా శక్తినిచ్చే రియాక్టర్ ఉంటుంది కాబట్టి కింద తిరగడానికి ఎవరూ భయపడరు. ఆ రియాక్టరే చచ్చిపోతే బ్యాటరీలు మిగులుతాయి. ఇంక దిగజారడమే.

అక్కడ వాళ్లు చేసిన పని నాకు మహా ఇష్టం. రోసినాంటేకి ఉన్న రైల్‌గన్‌ని (కరెంటుతో గుండు విసిరే ఫిరంగి) ఆయుధంగా కాకుండా ఇంజనులా వాడతారు. గుండు ఒకవైపు పోతే ఓడ రెండోవైపు కదులుతుంది, న్యూటన్ మూడో సూత్రం. నా అంకెలతో ఒక లెక్క చూడండి: కిలో బరువున్న గుండుని సెకనుకి 10 కిలోమీటర్ల వేగంతో వదిలితే, వెయ్యి టన్నుల ఓడకి వచ్చే వేగం సెకనుకి ఒక సెంటీమీటరు. ఒక్క దెబ్బకి ఏమీ కాదు. వందసార్లు పేలిస్తే సెకనుకి ఒక మీటరు. గంటలు లెక్కపెట్టుకుంటున్న వాళ్లకి అదే ప్రాణం. ఆ అధ్యాయాల్లో టెన్షన్ ఎక్కడిదంటే, ప్రతి గుండుకీ బ్యాటరీ ఎంత తగ్గిందో మనకీ తెలుస్తుంటుంది.

గురుత్వం
ఇది కథాసారంలో లేదు. ఇప్పుడు కొంచెం బాధగా ఉంది.

మూడోపేజీ
మాస్టారూ, ఇదే నోటితో గ్రహశకలాల పట్టీలోని మరుగుజ్జు గ్రహం సెరెస్ సంగతి కూడా చెప్పండి. దాన్ని గిరగిరా తిప్పి బరువు పుట్టించారని రాశారు కదా, అది కుదిరే పనేనా?

లెక్కలమాస్టారు
కుదరదు. సెరెస్ వ్యాసం సుమారు 940 కిలోమీటర్లు. భూమి బరువులో మూడో వంతు పుట్టాలంటే అది దాదాపు 40 నిమిషాలకొకసారి తిరగాలి. ఇప్పుడు తొమ్మిది గంటలకొకసారి తిరుగుతోంది. దాని సొంత ఆకర్షణ భూమిలో మూడు శాతమే. ఆ వేగానికి పైనున్న మట్టి, మంచు అన్నీ ఎగిరిపోతాయి, లోపల అతికిపెట్టడం ఎవరి తరమూ కాదు. అయినా నేను ఆ ఒక్క విషయం వాళ్లకి వదిలేస్తాను. మిగతా చోట్ల అంత పట్టింపుతో రాశారు. ఓడలో నేల ఎప్పుడూ ఇంజను వైపే ఉంటుంది, సగం దారిలో తిరగేసి బ్రేకు వేస్తారు, మాట చేరడానికి నిమిషాలూ గంటలూ పడుతుంది. ఈ పద్ధతిని తొమ్మిది పుస్తకాల్లోనూ మరిచిపోలేదు.

అరుంధతీనక్షత్రం
మాస్టారు మొదలుపెడితే ఆగరు. ప్రశ్న సిబోలా బర్న్ గురించి!

లెక్కలమాస్టారు
అడిగారు, చెప్పాను 🙂

చెవులతోచదువు
ఆడియో వినేవాళ్లకి ఒక మాట. ఈ పుస్తకం మొదట వచ్చినప్పుడు ఎరిక్ డేవీస్ చదివారు. ముందు పుస్తకాలన్నీ జెఫర్సన్ మేస్ గొంతులో విన్నవాళ్లకి ఒక్కసారిగా అందరూ కొత్తవాళ్లయిపోయారు. తర్వాత మేస్‌తో మళ్లీ రికార్డు చేయించారు. మీకు దొరికింది ఏదో చూసుకుని వినండి. నాకు రెండో రికార్డింగ్ విన్నాకే హోల్డెన్ ఓడలోని మెకానిక్ ఏమస్ ఏమస్‌లా వినిపించాడు.

తోకచుక్క
ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. స్పాయిలర్లు పర్లేదు, నాకు ఏం జరిగిందన్నదానికన్నా ఎలా జరిగిందన్నదే ముఖ్యం.

కానీ మర్ట్రీ గురించి ఎవరూ సమాధానం చెప్పలేదు. ఇన్ని మెలికలున్న కథలో విలన్ ఒక్కడే అంత చదునుగా ఎందుకున్నాడు? మొదటి పుస్తకంలో ఈరోస్ గ్రహశకలం మీద పదిహేను లక్షల మందిని బలిపెట్టిన వాడికి కూడా ఒక తర్కం ఉంది, ఒళ్లు గగుర్పొడిచినా సరే దానికి తలా తోకా ఉన్నాయి. మర్ట్రీకి ఏముంది?

బెల్టర్_బాబాయ్
మర్ట్రీకి కాగితం ఉంది. అతని తర్కమంతా ఆ కాగితమే. కంపెనీ హక్కు కాపాడటానికి జీతం తీసుకుంటున్నాడు, ఓడ కూలిపోతున్నా, జనం చూపు పోగొట్టుకుంటున్నా, ఆ హక్కు మాత్రం పోకూడదు. తాను బతికి బయటపడకపోయినా పర్లేదు. అలాంటి మనుషులు కథల్లోకన్నా బయటే ఎక్కువ. కోపం, పగ ఉన్నవాడికైనా నచ్చజెప్పొచ్చు. పని చేసుకుపోతున్నాననుకునేవాడికి ఏం చెబుతాం?

అరుంధతీనక్షత్రం
@బెల్టర్_బాబాయ్ మీరు చెప్పిన మనిషి పుస్తకంలో ఉన్న మనిషికన్నా బాగున్నాడు. నాకు పుస్తకంలో ఆ లోతు కనబడలేదు. మర్ట్రీ వైపు నుంచి ఒక్క అధ్యాయం కూడా లేదు, పైనుంచి చూస్తే మాట వినని మొండివాడు, అంతే.

తెరముందు
తెర మీద బర్న్ గోర్మన్ చేశాడు మర్ట్రీ. ఆ కళ్లు చూస్తేనే బెదురు పుడుతుంది. పుస్తకంలో లేనిదేదో నటుడు పూడ్చాడని నా అభిప్రాయం.

మిల్లర్_టోపీ
ఏమస్, మర్ట్రీ ఎదురుపడ్డ సీన్లు గుర్తుచేసుకోండి. ఇద్దరూ ఒకే రకం మనుషులమని ఒకర్నొకరు చూడగానే పోల్చుకుంటారు. ఆ మాటలు ఎంత మామూలుగా ఉంటాయో అంత భయంగా ఉంటుంది. మర్ట్రీ చదును అనేవాళ్లు ఆ పేజీలు ఇంకోసారి చదవాలి.

రాత్రిచదువరి
మర్ట్రీని అర్థం చేసుకోవాలంటే మర్ట్రీని చూడకూడదు, హేవ్‌లాక్‌ని చూడాలి. నాకు ఈ పుస్తకం పట్ల ఉన్న ప్రేమంతా ఆ మనిషి వల్లే.

మొదటి పుస్తకంలో సెరెస్ మీద మిల్లర్‌కి జోడీగా పనిచేసిన భూమ్మనిషి ఇతను. బెల్టర్ల మధ్య పరాయివాడిగా నానా మాటలూ పడ్డాడు. ఇక్కడ కంపెనీ వాళ్ల ఎడ్వర్డ్ ఇజ్రాయెల్ ఓడలో చుట్టూ అందరూ తనవాళ్లే. మొదటిసారి ఊపిరి తీసుకుంటాడు. పైనున్న ఇంజినీర్లకి రంగు గుండ్లు పేల్చే తుపాకులిచ్చి కసరత్తు చేయిస్తాడు. మొదట్లో అది కాలక్షేపం. అలసిపోయి వచ్చి నవ్వుకుంటారు, ఎవరు ఎవర్ని కొట్టారో చెప్పుకుంటారు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. తర్వాత హోల్డెన్ సహచరి నవోమిని పట్టుకొచ్చి కటకటాల వెనక పెడతారు. కింద ఆపద పెరిగేకొద్దీ వాళ్ల మాటల్లో "మనం", "వాళ్లు" అన్నవి గట్టిపడుతుంటాయి. రోజూ కటకటాల ఇవతల కూర్చుని నవోమితో మాట్లాడే హేవ్‌లాక్‌కి మెల్లగా తెలిసొస్తుంది, తాను సరదాగా తయారుచేసిన ఈ దండు రేపు నిజం తుపాకులు పట్టుకుంటుందని. ఒక్క అధ్యాయంలో జరిగే మార్పు కాదు. అందుకే సగంలో ఆపినవాళ్లకి ఇది అందదు.

నేల మీద మర్ట్రీ ఏంటో పైన ఆ ఇంజినీర్లు కూడా అదే అవుతున్నారు. తేడా ఏంటంటే, వాళ్లు అలా అవుతుండగా మనం చూస్తాం.

అరుంధతీనక్షత్రం
ఇది ఒప్పుకుంటాను. హేవ్‌లాక్ అధ్యాయాలు గట్టివి.

మూడోపేజీ
ఇంకో సంగతి. హోల్డెన్ మీద అందరూ విసుక్కుంటారు గానీ, ఇలస్‌లో కళ్లలోకి సూక్ష్మజీవులు చేరి అందరికీ చూపు పోతున్నప్పుడు ఇతనికెందుకు పోలేదో గుర్తుందా? ఈరోస్‌లో తిన్న రేడియేషన్ వల్ల జీవితాంతం వాడాల్సిన క్యాన్సర్ మందు. మొదటి పుస్తకంలో పడ్డ దెబ్బకి వేసిన మందు, నాలుగో పుస్తకంలో ఊరందరి చూపు నిలిపింది. అది కనిపెట్టింది కూడా ఎల్వీయే. సిరీస్ అంటే ఇలా ఉండాలి.

గురుత్వం
అదృష్టం కొద్దీ కథానాయకుడికే ఆ మందు ఉండటం కొంచెం అతి కదా?

లెక్కలమాస్టారు
తుపాను, సునామీ, గుడ్డితనం, విషపు పురుగులు, పడిపోతున్న ఓడలు, అన్నీ ఒకేసారి తెచ్చి పెట్టారే, అది అతి అంటే నేనూ సరే అంటాను. ఒక దశలో ఇంకేం మిగిలిందిరా దేవుడా అనిపించింది. మందు సంగతి మాత్రం న్యాయంగానే ఉంది, మూడు పుస్తకాల ముందే మన చేతిలో పెట్టారు.

బెల్టర్_బాబాయ్
కంగారుపడి చివరి అధ్యాయం తర్వాత మూసేయకండి. ఎపిలాగ్‌లో అవసరాల, బాబీతో కూర్చుని మాట్లాడుతుంది. కొన్ని పేజీలే. కానీ మార్స్ సంగతి అక్కడ బయటపడుతుంది. తరతరాలుగా ఆ ఎర్ర నేలని పచ్చగా చేయడానికే బతికిన జనం. ఇప్పుడు ఊపిరి తీసుకోగలిగే లోకాలు వెయ్యికి పైగా ఊరికే దొరుకుతుంటే, గుమ్మటాల కింద తాతలు మొదలుపెట్టిన పని ఎవరు పూర్తిచేస్తారు? జనం వెళ్లిపోతే వాళ్ల యుద్ధనౌకలు ఏమవుతాయి? ఎవరి చేతికి పోతాయి? ఐదోది, ఆరోది మొత్తం ఆ ప్రశ్న మీదే నడిచాయి. ముప్పై ఏళ్లు ముందుకి దూకే ఏడో పుస్తకానికి కూడా వేరు అక్కడే ఉంది. ఇలస్ మీద కొట్లాట చిన్నదే. కానీ ఆ చిన్న కొట్లాట సర్దుబాటైతే దాని వెంట వలసలు ఆగవు, వలసలు ఆగకపోతే మార్స్ నిలవదు. అవసరాల భయం అదే.

తోకచుక్క
రెండు రాత్రులు కూర్చుని పూర్తిచేశాను.

హేవ్‌లాక్ విషయంలో రాత్రిచదువరి గారు చెప్పిందానికి నా ఓటు. నవోమిని బయటికి తీసుకెళ్లాలని అతను తేల్చుకునే చోట పుస్తకం కింద పెట్టి కాసేపు ఊరుకున్నాను. పైన కక్ష్యలో జరిగిందంతా అద్భుతం. బేసియా తన కూతురు ఫెల్సియాని చదువు కోసం ఓడెక్కించాడు కదా, ఇప్పుడు అదే ఓడ పడిపోతుంటే పైన ఏమీ చేయలేక చూస్తుండటం మాత్రం తట్టుకోలేకపోయా. పెద్ద యుద్ధాల కన్నా ఆ ఒక్క తండ్రి ఎక్కువ గుర్తుంటాడు.

మర్ట్రీ మీద నా మాట మారదు. బాబాయ్ గారు చెప్పిన కాగితం మనిషి నాకు పుస్తకంలో దొరకలేదు. కింద గ్రహం మీద మధ్యలో ఒక వంద పేజీలు తగ్గించి ఉంటే ఇంకా బాగుండేది, ఇదీ మారదు.

అరుంధతీనక్షత్రం
ఆ వంద పేజీల్లో ఎల్వీ తడబాట్లు ముందు తీసేయండి, పురుగులు ఉంచండి.

మిల్లర్_టోపీ
ఇన్వెస్టిగేటర్ జోలికి వస్తే ఊరుకోను.

బెల్టర్_బాబాయ్
@తోకచుక్క మర్ట్రీ సంగతి ఐదోది చదివాక మళ్లీ మాట్లాడదాం. అక్కడొచ్చే విలన్‌కి మాటలు బాగా వచ్చు, ఆకర్షణ ఉంది, వెనక జనం ఉన్నారు. వీళ్లిద్దరిలో ఎవరు ఎక్కువ ప్రమాదమో మీరే చెప్పాలి.

తోకచుక్క
తప్పకుండా. ఐదోది నేరుగా మొదలుపెట్టొచ్చా, మధ్యలో చిన్న నవలికలు ఏమైనా చదవాలా?

రాత్రిచదువరి
ది చర్న్ చదివి వెళ్లండి, 2014లోనే వచ్చింది. ఏమస్ కుర్రతనం కథ, ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. నెమెసిస్ గేమ్స్‌లో రోసినాంటే వాళ్లు నలుగురూ నాలుగు దారుల్లో పోతారు, అధ్యాయాలన్నీ వాళ్ల నలుగురివే. ఏమస్ భూమికి ఎందుకు వెళ్తున్నాడో, అక్కడ ఎవరి కోసం వెతుకుతున్నాడో ఆ నవలిక చదివినవాళ్లకి ఇంకో రకంగా తగులుతుంది.

గురుత్వం
అది కూడా దాటేశాను నేను.

రాత్రిచదువరి
గురుత్వం గారూ, మీరు సిబోలా బర్న్ తీసి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టండి. మాస్టారు రైల్‌గన్ లెక్క చెప్పాక ఇంకా ఆగుతారా?

గురుత్వం
తెరిచాను. బాబీ వచ్చింది. ఇంకా బాంబు పేలలేదు.